మూతెడు పిప్పరమెంటు నూనె

ఎదురింటి దర్జీ భార్య అన్నదట. అది పాలవాడు విన్నాడట. విన్నవాడు విన్నట్టు ఊరుకోకుండా తెచ్చి బేకరీ కౌంటర్లో కూర్చునే అమ్మాయి చెవిన వేశాడట. ఆ అమ్మాయికి నోట్లో మాట నిలవదు. బట్టీలోంచి రొట్టెలు తీస్తున్న మేస్త్రి దగ్గరికి పరుగున వెళ్ళి చెప్పేసింది.

"రేపు పెద్దాయన కొట్టు తాళాలు కొడుక్కీ కోడలికీ ఇచ్చేస్తున్నాడు కదా. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోతుంటే ఆ కొట్లో ఒక్క కన్నయినా తడవదు, కావాలంటే చూడండి, అన్నదట ఆవిడ. ఏడ్చినట్టు నటించడానిక్కూడా ఎవరికీ మనసొప్పదు అన్నదట."

బట్టీ మేస్త్రి కాదనలేదు. "నేనైతే నవ్వెలా ఆపుకోవాలా అని చూస్తున్నా" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేసరికి పిండి బస్తాల వెనకనుంచి తెల్లటి టోపీ ఒకటి మెల్లగా పైకి లేచింది. టోపీ కింద పెద్దాయన ఉన్నాడు.

ఇదంతా కోడలు పాకం గది గుమ్మంలో నిలబడి చూసింది. మామగారు కేకలేస్తాడనే అనుకుంది. ఒక బన్ను మాడితే, మాడ్చినవాడి తాతముత్తాతల దాకా వెళ్ళి అందరినీ పలకరించి వచ్చే మనిషి ఆయన. కానీ ఆ రోజు ఏమీ అనలేదు. మడత పెట్టి ఉన్న ఖాళీ బస్తాని విప్పాడు. మళ్ళీ మడతపెట్టాడు. ఉన్నచోటే పెట్టి, ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన కేకల్ని ఇన్నేళ్ళు భరించిన కోడలు ఆ మౌనాన్ని చూసి కంగారు పడింది.

కంగారుకి కారణం ఉంది. పెద్దాయన తాళాలిస్తాననడం ఇది మొదటిసారి కాదు. రెండుసార్లు ఇస్తానన్నాడు, రెండుసార్లూ చేతిదాకా తెచ్చి వెనక్కి తీసుకున్నాడు. ఒకసారి కొడుకు రొట్టెల ట్రే వంకరగా పెట్టడం కళ్ళబడింది. ఇంకోసారి కోడలు కౌంటర్‌కి కొత్త రంగు వేయిస్తుందని ఎవరో చెప్పారు. ఈలోగా కొడుక్కి వేరే ఊళ్ళో బిస్కెట్ ఫ్యాక్టరీలో పని చూసి పెట్టాడు స్నేహితుడు. ఆదివారం సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. తాళాలిచ్చే రోజు కూడా ఆ ఆదివారమే.

"ఈసారి కూడా ఇవ్వకపోతే సాయంత్రం వస్తానని చెప్పేస్తాను. సామాను సర్దుకుందాం" అన్నాడు కొడుకు. గట్టిగా అనలేదు. అతను దేన్నీ గట్టిగా అనడు. అందుకే ఆ మాట నిజమని కోడలికి తెలిసింది.

ఆమెకి ఆ ఊరు వద్దు, ఆ ఫ్యాక్టరీ వద్దు. ఈ కొట్లో వెనకవైపున్న పాకం గది కావాలి. మసి పట్టిన ఆ పొయ్యి, దాని మీద రాగి గిన్నె, పక్కన పాకం పోసే రాతి పలక, ఇవి తన చేతికి రావాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ గదిలో ఆమె గిన్నె కడిగింది, పంచదార జల్లించింది, బిళ్ళలు కాగితాల్లో చుట్టింది. పాకం మాత్రం పట్టలేదు. అది పెద్దాయన పని.

ఆయన పద్ధతి ఆయనది. ఆ కొట్లో కొలత అంటే మూత. ఎసెన్స్ సీసాకుండే పెద్ద మూత ఒకటి దారానికి కట్టి పొయ్యి పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. కేకుకి ఒక మూత, బిస్కెట్ పిండికి ఒకటిన్నర, పాకానికి రెండు. అదీ పాకం కుతకుతలాడుతున్నప్పుడే పొయ్యాలి, అప్పుడే కలుస్తుందని ఆయన శాసనం. నీళ్ళలాంటి ఆ ఎసెన్స్ మరిగే పాకంలో పడగానే వాసనలో సగం పైగా ఆవిరై లేచిపోయేది. ఆ ఆవిరిని కూడా ఆయన వృథా పోనివ్వలేదు. పాకం గదికీ ముందు కొట్టుకీ మధ్య గోడలో ఒక ఫ్యాను పెట్టించాడు. లోపలి గాలి బయటికి తోలడానికి అందరూ పెట్టించుకుంటే, ఆయన వాసనని కొట్లోకి తోలడానికి పెట్టించాడు. "వాసన వెళ్ళి దారిన పోయేవాణ్ణి చొక్కా పట్టుకుని లాక్కురావాలి" అనేవాడు. ఆ కొట్టు బిళ్ళల రుచి కొనుక్కు తిన్నవాళ్ళకంటే ఆ వీధిన నడిచినవాళ్ళకే ఎక్కువ తెలిసేది.

కోడలు దాచుకున్నది ఎసెన్స్ కాదు, నూనె. ఆకుల్లోంచీ తొక్కల్లోంచీ వాసన ప్రాణాన్ని పిండి సీసాలో పెట్టిన చిక్కటి సరుకు. చిటికెనవేలంత సీసా, లోపల చుక్కలు వేసే గాజు గొట్టం. దాని సంగతి ఆమె ఇంట్లో కుస్తీ పట్టి నేర్చుకుంది. మొదట నారింజ నూనెని థర్మోకోల్ కప్పులో పోసి పెడితే, మధ్యాహ్నానికి కప్పు అడుగు లేదు, బల్ల మీది రంగు లేదు. తర్వాత కేకులో చెంచాడు పోసింది. మొగుడు ఆ ముక్క మింగి, మంచినీళ్ళు తాగి, "సబ్బు బాగుంది" అన్నాడు మర్యాదగా. అప్పటికి అర్థమైంది ఆమెకి, దీనికి చుక్కల లెక్క తప్ప ఇంకో లెక్క లేదని. పాకం ముదిరాక గిన్నె దించాలి. బుడగలు అణగాలి. మొహం పక్కకి తిప్పుకుని చుక్కలు వెయ్యాలి. అలా చేసిన బిళ్ళ నోట్లో వేసుకుంటే, చివరి పలుకు కరిగేదాకా రుచి పోదు.

పెద్దాయనకి ఒకసారి చూపించింది. ఆయన సీసాని వెలుతురుకి పెట్టి చూశాడు. "చుక్కలు లెక్కపెట్టేది కంట్లో మందుకమ్మా, పాకానికి మూత కావాలి" అని తిరిగి ఇచ్చేశాడు.

ఆదివారం పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా మామూలుది. పదింటికి చుట్టుపక్కలవాళ్ళు వస్తారు. మామగారు నాలుగు మాటలు చెప్పి తాళాలిస్తాడు. అప్పటికి పిప్పరమెంటు బిళ్ళలు తయారుగా ఉంటాయి. వచ్చినవాళ్ళకి తలా ఒకటి పెడుతుంది. తాళాలు చేతికి రాకముందే పొయ్యి వెలిగించడం తప్పని తెలుసు. అరగంట తేడాకి ఏమవుతుందిలే అనుకుంది.

పాకం పొంగు పట్టి చిక్కబడుతుండగా ముందు కొట్లోంచి కేక వినిపించింది. "కోడలేదీ? కోడలు నా పక్కన నిలబడాలి!"

ఆమె మొగుణ్ణి లోపలికి లాగింది. "ఏవండీ, పాకం వదిలి రాలేను, మీ నాన్నగారు పిలుస్తుంటే రాకుండానూ ఉండలేను. కాస్త చూడండి. నీళ్ళలో వేస్తే గాజుముక్కలా పటుక్కుమనాలి. అప్పుడు గిన్నె దించండి."

"దించుతా."

"బుడగలన్నీ అణగాలి. అణిగాక ఈ సీసాలోంచి ఆరు చుక్కలు."

"ఆరు."

"మొహం పక్కకి పెట్టుకుని. ఏడోది పడకూడదు."

"ఈ కొట్లోనే పుట్టానే నేను. పాకం సంగతి నాకు చెప్తావా?" అన్నాడతను.

ఆ మాట దగ్గరే ఆమె ఆగి ఉండాల్సింది. ఆగలేదు. చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ముందు కొట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. పిండి సరఫరా చేసే షావుకారు ముందు వరసలో కూర్చున్నాడు. దర్జీ భార్య ఆయన పక్కన. వెనక కౌంటర్ అమ్మాయీ, బట్టీ మేస్త్రీ, ఇంకొందరు వీధివాళ్ళూ. వాళ్ళ వీపుల వెనకే గోడలో ఆ ఫ్యాను తిరుగుతోంది. పెద్దాయన వీధి గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయన వెనక ఒక టేబుల్ ఫ్యాను పెట్టారు, ఆయనకి చెమట పట్టకూడదని. గుమ్మం బయట, అద్దం తలుపు అవతల, మెట్టు మీద పెద్దాయన భార్య కూర్చుంది. కొట్టు వేడి ఆవిడకి పడదు. ఎప్పుడొచ్చినా ఆ మెట్టు దాటి లోపలికి రాదు.

పెద్దాయన తాళాలగుత్తి చేతిలోకి తీసుకున్నాడు. కోడలు చెయ్యి చాపింది. గుత్తి ఆమె అరచేతికి జానెడు పైన ఆగింది.

"ఇచ్చేముందు ఒక మాట" అన్నాడు పెద్దాయన.

 కోడలు చాపిన చెయ్యి చాపే ఉంచింది.

"నేను మంచివాణ్ణని అనిపించుకోడానికి ఈ కొట్టు పెట్టలేదు. మాడినదాన్ని మాడిందనే అన్నాను. అందుకు నా వెనకాల ఎవరేమనుకుంటున్నారో నాకు తెలుసు. నేను వెళ్ళిపోతే ఇక్కడ ఏ కన్నూ తడవదని కూడా తెలుసు." ఆయన దర్జీ భార్య వైపు చూడలేదు. చూడకపోవడం అందరూ చూశారు. "తడవాలని నేను అడగడం లేదు."

సరిగ్గా ఆ సమయంలో పాకం గదిలో కొడుకు సీసా చేత్తో పట్టుకుని ఉన్నాడు. పాకం కుతకుతలాడుతోంది. భార్య చెప్పినది అతనికి గుర్తుంది. కానీ పాకం ఆ పొంగులో ఉన్నప్పుడు ఏం చెయ్యాలో చిన్నప్పట్నుంచీ చూసిన చేతులు, నిన్నగాక మొన్న వచ్చిన మాటని లెక్కచెయ్యలేదు. పైగా అంత గిన్నెడు పాకంలో ఆరు చుక్కలంటే అతనికి జాలి వేసింది. గాజు గొట్టం పీకి పక్కన పెట్టాడు. మేకుకున్న మూత అందుకుని, సీసాలో నూనె దాని నిండా వంచాడు. మరిగే పాకంలో గుమ్మరించాడు.

ఆవిరి తెల్లగా, పెద్దగా లేచింది. ఒక క్షణం అతని చుట్టూ తిరిగి, తర్వాత పెద్దాయన ఏర్పాటు చేసిన దారినే గోడలో ఫ్యానులోంచి ముందు కొట్లోకి వెళ్ళింది.

మొదట షావుకారు ముక్కు ఎగబీల్చాడు. ఆ తర్వాత కౌంటర్ అమ్మాయి కళ్ళు మూసుకుంది, మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు కారాయి. బట్టీ మేస్త్రి నిజంగానే నవ్వు ఆపుకుంటున్నవాడు, నోటికడ్డం పెట్టుకున్న చెయ్యి కళ్ళమీదికి తీసుకెళ్ళాడు. అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెనకనుంచి లోపలి గాలీ, ముందునుంచి టేబుల్ ఫ్యాను గాలీ వచ్చి అతిథుల నెత్తిమీద కలుసుకున్నాయి. పెద్దాయన దగ్గరికి మాత్రం ఆ ఆవిరి కొంచెం కూడా చేరలేదు. చేరినా వాసన తెలిసేది కాదు. పొయ్యి దగ్గర నిలబడీ నిలబడీ ఆయన ముక్కు ఎప్పుడో పని మానేసింది.

కోడలికి మాత్రం తెలిసింది. పిప్పరమెంటు గాలి సన్నగా తాకగానే, లోపల మొగుడు మూత వంచాడని అర్థమైంది. కదలడానికి లేదు. తాళాలు జానెడు దూరంలో ఉన్నాయి.

పెద్దాయన మాట ఆగిపోయింది. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చాడు. షావుకారు చేతిరుమాలు పిండుకుంటున్నాడు. దర్జీ భార్య మొహం రెండు చేతుల్లో దాచుకుని వెక్కుతోంది.

"నువ్వు కూడానా తల్లీ" అన్నాడు పెద్దాయన. 

ఆవిడ చెయ్యి ఊపింది. తలుపు తియ్యమని ఊపింది పాపం. ఆయన దాన్ని మరోలా తీసుకున్నాడు.

అంతలో పాకం గది తలుపు తోసుకుని కొడుకు వచ్చాడు. కళ్ళు రెండూ మూసుకుపోయి ఉన్నాయి. చేతులు ముందుకి చాపి, గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో ఆ వైపు తడుముకుంటూ నడిచాడు. గాలి టేబుల్ ఫ్యానుది. ఫ్యాను ముందు తండ్రి ఉన్నాడు. అడ్డు తగిలినదాన్ని రెండు చేతులా వాటేసుకుని, భుజం మీద మొహం పెట్టి, చల్లగాలిని గుండెల నిండా పీల్చుకుంటూ ఉండిపోయాడు.

పసివాడప్పుడు తప్ప ఆ కొడుకు ఆ తండ్రిని కౌగిలించుకోలేదు. పెద్దాయనకి ఏం చెయ్యాలో తోచక వీపు మీద తట్టాడు. "ఊరుకోరా. ఊరుకో నాన్నా. ఇంత పెట్టుకుని ఎప్పుడూ ఒక్క మాటైనా అనలేదేంరా" అన్నాడు. ఆ తట్టిన చేతిలోనే తాళాలున్నాయి. తట్టడం అయ్యాక ఆ చెయ్యి కోడలి అరచేతి మీదికి రాలేదు. నేరుగా జేబులోకి వెళ్ళింది.

"నేనెక్కడికీ పోవడం లేదు" అన్నాడు పెద్దాయన అందరికీ వినబడేలా.

దానికి జవాబుగా అందరూ ఒక్కసారి లేచారు. తలుపుకి అడ్డంగా ఆయన నిలబడి ఉన్నాడు కాబట్టి, బయటికి పోవాలంటే ఆయన్ని దాటాలి. ఒక్కొక్కరూ వచ్చి ఆయన చేతులు పట్టుకుని పక్కకి జరపబోయారు. ఒక్కొక్కరి చేతులూ ఆయన ఆప్యాయంగా పట్టుకుని ఆపాడు. ఈ మర్యాద అంతా అయ్యేదాకా వాళ్ళు ఆ ఆవిరిలోనే ఉన్నారు. ఎంత ఆలస్యమైతే అంత ఏడ్చారు.

బయటపడ్డవాళ్ళని ఊరికే పోనివ్వకూడదని కౌంటర్ అమ్మాయి ఇంకో ఘనకార్యం చేసింది. కొడుకు అలవాటు కొద్దీ పాకాన్ని పలక మీద పోసే వచ్చాడు. అది గట్టిపడింది. ఆ అమ్మాయి దాన్ని పగలగొట్టి తలా ఒక ముక్క పంచింది. షావుకారు నోట్లో వేసుకున్నాడు. మనిషి బిగుసుకుపోయాడు. ఉమ్మడానికి పెద్దమనిషితనం అడ్డొచ్చింది, మింగడానికి గొంతు ఒప్పుకోలేదు. మాట రాక పెద్దాయన చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపుతూ ఉండిపోయాడు. అప్పటికి ఆరిన కళ్ళు మళ్ళీ కారాయి.

"ఇంకా తేరుకోలేదు పాపం" అన్నాడు పెద్దాయన భార్యతో. మెట్టు మీద కూర్చున్న ఆవిడ షావుకారుకి దారి ఇస్తూ కాళ్ళు ముడుచుకుంది.

లోపల పాకం గదిలో మొగుడూ పెళ్ళాలు కిటికీ దగ్గర నిలబడ్డారు.

"మూతెడు పోశారు కదూ."

"నిండా కాదు. అంచుకి కొంచెం తక్కువ."

"మరుగుతుండగా పోశారు కదూ."

"మరుగుతుంటేనే కలుస్తుందని..." అతను మధ్యలో ఆగిపోయాడు. "నాన్న చెప్పేవాడు."

"ఆ నాన్నకే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి. సాయంత్రం మీ స్నేహితుడు అడుగుతాడు. ఈలోగా తాళాలు రావాలి."

కొడుకు వెళ్ళి చెప్పాడు. పెద్దాయన ఓపికగా విన్నాడు.

"అయితే మీరంతా ఏడ్చింది నూనెకి."

"అవును నాన్నా."

"ఒరేయ్, ఏడవడానికి సిగ్గేంట్రా? మీ తాత పోయినప్పుడు నేను కూడా కంట్లో పిండి పడిందనే చెప్పాను" అని కొడుకు తల నిమిరాడు.

ఇంక సాక్షులు కావలసి వచ్చారు. కోడలు బట్టీ మేస్త్రిని ముందుకి తోసింది. పెద్దాయన అతని మొహంలోకి చూస్తూ అడిగాడు, "నిజం చెప్పు. పొద్దున నీకు కన్నీళ్ళు వచ్చింది నా మీద ప్రేమతోనా, నూనెతోనా?"

బట్టీ మేస్త్రి ఒక క్షణం ఆలోచించాడు. పెద్దాయన ఎక్కడికీ పోవడం లేదు. రేపు పొద్దున మళ్ళీ ఇదే టోపీ వెనకాల నిలబడాలి.

"నూనేంటి పెద్దాయనా! గుండెల్లోంచి వచ్చింది" అన్నాడు.

కౌంటర్ అమ్మాయి తనకి రాత్రంతా నిద్ర పట్టలేదంది. దర్జీ భార్యని పిలిపించారు. తను అన్న మాట పెద్దాయన చెవిన పడిందని ఆవిడకి అప్పటికే తెలుసు. "మీలాంటి మనిషి మళ్ళీ దొరుకుతాడా? వీధి వీధంతా గొడ్డుపోతుంది" అని, కళ్ళు ఎలాగూ ఎర్రగానే ఉన్నాయి కాబట్టి, ఇంకోసారి తుడుచుకుంది.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పేవాడు మొగుడొక్కడే, అతన్నేమో తండ్రి నమ్మడు. మధ్యాహ్నమంతా కౌంటర్ వెనక నిలబడి చూసింది. పెద్దాయన ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. బట్టీ మేస్త్రి ఒక ట్రే మాడ్చాడు. "పోన్లే, రొట్టె ఇంకోటి వస్తుంది" అన్నాడు పెద్దాయన. అది విని అందరూ భయపడ్డారు. ఆమె మాత్రం వెలిగిపోతున్న ఆయన మొహాన్నే చూసింది. ఇంత సంతోషాన్ని తన చేత్తో చిదమాలి. చిదమకపోతే సామాను సర్దుకోవాలి.

నాలుగింటికి ఆమె ఆయన ముందుకి వచ్చి నిలబడింది.

"మావయ్యగారూ, ఒకసారి పాకం గదిలోకి రండి. మీ చేత్తో ఒక పని చేసి చూపించాలి."

పెద్దాయన ఉల్లాసంగా వచ్చాడు. ఆమె గోడలో ఫ్యాను కట్టేసింది. ఆవిరి వీధిన పడకూడదని. తలుపు దగ్గరగా వేసింది. చిన్న గిన్నెలో పాకం ముదరనిచ్చి, ఇంకో నూనె సీసా తీసి పక్కన పెట్టింది. "మూత మీరే అందుకోండి. మీరు పోసేటట్టే పొయ్యండి" అంది. గరిటె పట్టుకుని, గోడవైపు మొహం తిప్పుకుని, ఊపిరి బిగబట్టింది.

పెద్దాయన మరిగే గిన్నె మీదికి వంగి, కలిసిందో లేదో అని కళ్ళు పెద్దవి చేసి చూస్తూ, మూతెడు నూనె పోశాడు.

ఆయన కళ్ళలోంచి నీళ్ళు ధారలు కట్టాయి. టోపీ ఊడి పడింది. గోడ పట్టుకుని, వంగిపోయి, వెక్కి వెక్కి దగ్గాడు. దగ్గుకీ దగ్గుకీ మధ్య ఏదో అర్థమైనట్టు తలెత్తి కోడలి వైపు చూశాడు. ఆ చూపు ఆమె చాలాకాలం మర్చిపోలేదు. కోపంగా చూసినా బాగుండేది.

"అందరికీ... ఇదేనా అమ్మా?"

"ఇదే మావయ్యగారూ."

"వాడు కూడా? నన్ను పట్టుకుని..."

"ఆయనకి కళ్ళు కనపడలేదండీ. ఫ్యాను గాలి కోసం వచ్చారు."

దగ్గు విని బట్టీ మేస్త్రి తలుపు తోశాడు. అతని వెనకాల కౌంటర్ అమ్మాయి, ఆ వెనక ఇంకా ఇంటికి పోకుండా అక్కడక్కడే తిరుగుతున్న దర్జీ భార్య. వాళ్ళకి కనిపించింది ఇది: జీవితంలో ఎన్నడూ కన్నీరు పెట్టని ముసలాయన గోడకి ఆనుకుని కుమిలిపోతున్నాడు. టోపీ నేల మీద ఉంది. ఎదురుగా కోడలు పొడి కళ్ళతో, గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఎంత పని చేశావమ్మా!" అన్నాడు బట్టీ మేస్త్రి. "తాళాల కోసం పెద్ద మనిషిని గదిలో పెట్టి ఏడిపిస్తావా?"

"అక్కా, నువ్విలాంటిదానివనుకోలేదు" అంది కౌంటర్ అమ్మాయి.

"నేనేం చెయ్యలేదు, నూనె!" అంది కోడలు.

"పొద్దున్నుంచీ నూనె నూనె అని దీనికేనా?" అని దర్జీ భార్య బుగ్గలు నొక్కుకుంది.

పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "అమ్మాయినేం అనకండి. ఇది నూనె ఏడుపు."

"చూశారా, ఇంతా చేయించుకుని మళ్ళీ కోడల్నే వెనకేసుకొస్తున్నాడు" అంది దర్జీ భార్య. గొంతు వీధిదాకా వెళ్ళింది. వెళ్ళిన గొంతు నలుగురైదుగురిని కొట్లోకి తెచ్చింది. నోట్లో ఇంకా మంట తగ్గని షావుకారు కూడా వచ్చాడు. కొడుకు తండ్రికీ భార్యకీ మధ్య నిలబడి, ఎవరివైపు మాట్లాడాలో తెలియక ఇద్దరికీ చెరో గ్లాసు మంచినీళ్ళు ఇచ్చాడు.

పెద్దాయన మొహం కడుక్కున్నాడు. టోపీ దులిపి పెట్టుకున్నాడు. ముందు కొట్లోకి వచ్చి, పొద్దున నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"ఇంకొక్కసారి అడుగుతాను" అన్నాడు బట్టీ మేస్త్రితో. "పొద్దున నువ్వు ఏడ్చింది దేనికి?"

"మీ మీద ప్రేమతో పెద్దాయనా. ఎన్నిసార్లడిగినా అదే."

"నువ్వమ్మా?"

"ప్రేమే" అంది కౌంటర్ అమ్మాయి.

పెద్దాయన నెమ్మదిగా తలాడించాడు. "సరే. ఇంతమందికి ఇంత ప్రేమ ఉంటే నేను పోవడం అన్యాయం. నా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఈ కొట్లోనే ఉంటాను. రేపట్నుంచి బట్టీ నాలుగింటికి కాదు, మూడింటికే వెలిగించాలి. నేనే పక్కన నిలబడి చూసుకుంటాను."

బట్టీ మేస్త్రి ఆ టోపీ వైపు ఒకసారి చూశాడు.

"నూనే" అన్నాడు బట్టీ మేస్త్రి.

"నూనే" అంది కౌంటర్ అమ్మాయి.

దర్జీ భార్య షావుకారు వైపు చూసింది. షావుకారు మాట్లాడలేడు కాబట్టి నోరు చూపించాడు. "నాకూ నూనే అనుకుంటా" అందావిడ.

కోడలు తలొంచుకుంది. గెలిచానన్న సంతోషం ఆమెలో ఎక్కడా కనిపించలేదు. పెద్దాయన జేబులోంచి గుత్తి తీశాడు. ఈసారి జానెడు పైన ఆపలేదు. ఆమె చెయ్యి తానే పట్టుకుని, అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"ఆ గిన్నెకి ఎన్ని చుక్కలన్నావు?"

"ఆరండీ."

"దించాకనే?"

"బుడగలు అణిగాక."

"ఊఁ" అన్నాడు. గుమ్మం వైపు నడిచాడు. ఎవరూ అడ్డుపడలేదు. అద్దం తలుపు తీసి, మెట్టు మీద ఇంకా అలాగే కూర్చుని ఉన్న భార్య పక్కన నిలబడ్డాడు. వెనక కొట్టు మొత్తం వింటోంది.

"చూశావా, ఇన్నేళ్ళు చేస్తే నాకు దక్కిందంతా నూనె ఏడుపు. ఆ గాలి తగలందానివి నువ్వొక్కదానివే. నా కోసం నువ్వైనా ఒక్క చుక్క రాల్చలేదేమే?"

ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మెల్లగా లేచి నిలబడింది.

"పొద్దున్నే ఏడ్చి మొహం కడుక్కునే వచ్చాను. రేపట్నుంచి పొద్దస్తమానం మీరు ఇంట్లోనే ఉంటారుగా."